టయోటా ఫార్ములా వన్‌కి తిరిగొచ్చినట్టేనా? స్టిక్కర్‌కీ ఇంజిన్‌కీ మధ్య నాలుగేళ్ళు

2026 నుంచి అమెరికన్ టీమ్ హాస్ పేరు 'టీజీఆర్ హాస్ ఎఫ్1 టీమ్' అయింది. టీజీఆర్ అంటే టయోటా గాజూ రేసింగ్. 2009 చివర్లో తలుపు మూసి వెళ్ళిపోయిన టయోటా మళ్ళీ వచ్చేసిందని అభిమానుల్లో ఒకటే సంబరం. కారు మీద పేరుంది, డ్రైవర్ల సూట్ల మీద పేరుంది. ఇంజిన్ కవర్ ఎత్తి చూస్తే మాత్రం కింద కూర్చున్నది ఫెరారీ పవర్ యూనిట్, అంటే పెట్రోల్ ఇంజినూ ఎలక్ట్రిక్ మోటారూ బ్యాటరీ కలిసిన యంత్రం. దాని వెనక బిగించింది ఫెరారీ గేర్‌బాక్స్. ఆ ఇంజిన్ ఒప్పందం 2028 దాకా ఉంది. మరి టయోటా ఎక్కడున్నట్టు?

కార్ల కంపెనీ ఎఫ్1లో అడుగుపెట్టడానికి నాలుగు మెట్లున్నాయి. డబ్బు కట్టి పేరు రాయించుకోవడం మొదటిది. మనుషుల్నీ పనిముట్లనీ పంపడం రెండోది. టీమ్‌ని సొంతం చేసుకుని షాసీ (ఇంజిన్ కాక మిగతా కారు) తనే గీసుకోవడం మూడోది. పవర్ యూనిట్ తనే చేసుకోవడం నాలుగోది, అన్నిటికన్నా ఖరీదైనదీ నెమ్మదైనదీ అదే. టయోటా ఇప్పుడు మొదటి రెండు మెట్ల మీద నిలబడి ఉంది. 'తిరిగి రావడం' అన్న మాట నాలుగో మెట్టు ఎక్కినప్పుడే చెల్లుతుందని నా అభిప్రాయం. ఆ మెట్టు ఎక్కాలంటే ఏం కావాలో, ఎంత కాలం పడుతుందో లెక్క వేస్తే, టయోటా ఎందుకింత నిదానంగా కదులుతోందో అర్థమవుతుంది.

ముందు రెండో మెట్టు సంగతి. టయోటా, హాస్ సాంకేతిక ఒప్పందం 2024 అక్టోబర్‌లో కుదిరింది. పోటీలో ఉన్న టీమ్‌లన్నిటిలో హాస్ అతి చిన్నది. పని మూడు చోట్ల చీలి ఉంటుంది: అమెరికాలో కన్నాపొలిస్, ఇంగ్లండ్‌లో బాన్‌బరీ, ఇటలీలో మరనెల్లో. ఆ కొద్దిమందీ రేసులకి పోతే ఇంకే పనికీ మనుషులు మిగలరు. అందుకే మిగతా టీమ్‌లు ఎప్పట్నుంచో చేస్తున్న పాత కార్ల టెస్టింగ్ హాస్ చేయలేకపోయింది. ఆ టెస్టింగ్‌ని టీపీసీ అంటారు.

టీపీసీ నిబంధనలు ఇవీ: కారు కనీసం రెండేళ్ళ పాతది కావాలి. టీమ్‌కి ఏడాదిలో ఇరవై రోజులే. అందులో రేసు డ్రైవర్లకి నాలుగు రోజులు, వెయ్యి కిలోమీటర్ల పరిమితి. వింటే తేలిగ్గానే ఉంటుంది. ఒక్క రోజు నడపాలన్నా పాత షాసీ, దానికి సరిపడే పాత పవర్ యూనిట్, దాన్ని స్టార్ట్ చేసి కనిపెట్టుకుని ఉండటానికి ఇంజిన్ సప్లయర్ మనుషులు, టెస్టు టైర్లు, విడిభాగాలు, రేసు సిబ్బందితో సంబంధం లేని రెండో మెకానిక్ బృందం కావాలి. ఏడాదికి 24 రేసులు తిరిగే మెకానిక్‌లనే మధ్యలో దీనికీ పంపితే నాలుగో నెలకే చేతులెత్తేస్తారు. ఆ రెండో బృందానికి మనుషుల్నీ ఖర్చునీ సమకూర్చింది టయోటా. బదులుగా దాని కుర్ర డ్రైవర్లకీ ఇంజినీర్లకీ అసలైన ఎఫ్1 కారు మీద చేయి తిరుగుతోంది. 2025 ఆగస్టులో ఫుజి ట్రాక్ మీద టయోటా డ్రైవర్లు 2023 నాటి హాస్ కారు నడిపింది ఈ ఏర్పాటు కిందే.

పాత కారుతో ఏం నేర్చుకుంటారని కొట్టిపారేయకండి. టైరు లోపలి ఉష్ణోగ్రత ఏ హద్దుల మధ్య ఉండాలి, బ్రేకు నొక్కినప్పుడు వెనక చక్రాల మీద మోటారు ఎంత లాగాలి, డిస్కు ఎంత పట్టాలి, డ్రైవరు 'ముందు పట్టు లేదు' అంటే ఏ మలుపులో ఏ దశలో లేదో రెండు ప్రశ్నల్లో ఎలా రాబట్టాలి: ఇవేవీ పుస్తకంలో దొరకవు. రేసు ఇంజినీర్ తయారు కావడానికి కారు కన్నా ఎక్కువ కాలం పడుతుంది. పదహారేళ్ళు దూరంగా ఉన్న కంపెనీకి పోయింది యంత్రాలు కావు, ఈ పనితనం.

ఇక సిమ్యులేటర్. హాస్‌కి సొంత పెద్ద సిమ్యులేటర్ లేక మరనెల్లోలోని ఫెరారీ సిమ్యులేటర్‌ని వాడుకునేది. కారుని అర్థం చేసుకోవాల్సిన ఇంజినీర్లేమో బాన్‌బరీలో. టయోటా సాయంతో బాన్‌బరీలోనే ఒకటి కడుతున్నారు. సిమ్యులేటర్ అనగానే అందరి చూపూ కదిలే వేదిక మీదే ఉంటుంది. అది డబ్బిస్తే వస్తుంది. కష్టమంతా లోపలి గణిత నమూనాలది. టైరు నమూనా తప్పితే, సిమ్యులేటర్‌లో బాగున్న సెట్టింగు ట్రాక్ మీద మూడు ల్యాపుల్లో వెనక టైర్లని కాల్చేస్తుంది. కారు జారిన సంగతి డ్రైవరు వెన్నుకి కొద్ది మిల్లీసెకన్లు ఆలస్యంగా అందినా అతను సరిదిద్దడం మొదలెట్టేది ఆలస్యంగానే, ఆపైన వచ్చే డేటా అంతా చెత్తే. ట్రాక్ కొలతలతో నమూనాని సరిపోల్చుకుంటూ పోతే అది నమ్మదగ్గదిగా మారడానికి ఒక పూర్తి సీజన్ పడుతుంది.

విడిభాగాల దగ్గర నిబంధనల గీత ఒకటుంది. సర్వైవల్ సెల్ (డ్రైవరు కూర్చునే గట్టి పెట్టె), రెక్కలు, ఫ్లోరు, బాడీవర్కు లాంటివి ప్రతి టీమూ తనే డిజైన్ చేసుకోవాలి, ఆ హక్కులు తన దగ్గరే ఉండాలి. గేర్‌బాక్స్, సస్పెన్షన్, హైడ్రాలిక్స్ మాత్రం ఇంకో టీమ్ నుంచి కొనుక్కోవచ్చు. హాస్ పుట్టిందే ఈ వెసులుబాటు మీద. టయోటా పోటీదారు కాదు కాబట్టి జర్మనీలో కొలోన్‌లోని తన ఫ్యాక్టరీలో హాస్‌కి కార్బన్ భాగాలు చేసిపెట్టడానికి అడ్డేం లేదు. రేపు టయోటా సొంత టీమ్ పెట్టిందంటే ఆ క్షణం నుంచి హాస్‌కి అది పోటీదారు, ఈ దారి మూసుకుపోతుంది. కాబట్టి ఆ ముచ్చట నిజంగా ఉంటే హాస్‌ని కొనడమే దారి, పక్కన పన్నెండో టీమ్ పెట్టడం అర్థం లేని పని.

కొలోన్ అన్నాం కనుక వెనక్కి వెళ్దాం. టయోటా తన ప్రవేశాన్ని 1999లో ప్రకటించింది. మొదట అది వి12, అంటే పన్నెండు సిలిండర్ల ఇంజిన్ ఆలోచనతో ఉంది. ఈలోగా ఎఫ్1 నిబంధనలు రాసే సంస్థ ఎఫ్‌ఐఏ అందరూ వి10 మాత్రమే వాడాలని నిబంధన తెచ్చింది. దాంతో పని మళ్ళీ మొదటికొచ్చి ప్రవేశం 2002కి జరిగింది. 2001 అంతా టీఎఫ్101 అనే టెస్టు కారుతో ట్రాకులన్నీ తిరిగారు. 2002 మెల్‌బోర్న్‌లో మొట్టమొదటి రేసులోనే మికా సాలో ఆరో స్థానంతో ఒక పాయింట్ తెచ్చాడు. ఎనిమిది సీజన్ల తర్వాత లెక్క చూస్తే 139 రేసులు, 13 పోడియంలు, 3 పోల్ పొజిషన్లు (రేసు మొదట్లో అందరికన్నా ముందు నిలబడే చోటు), గెలుపులు సున్నా. 2005లో 88 పాయింట్లతో నాలుగో స్థానం వాళ్ళ శిఖరం.

ఆ సున్నాకి ఒక్క కారణం చెప్పమంటే నేను ఇంజిన్‌ని వేలెత్తి చూపించను. వాళ్ళ వి10 మంచి ఇంజినే. కొలోన్‌లో రెండు విండ్ టన్నెళ్ళు (కారు మీద గాలి ప్రవాహాన్ని పరీక్షించే సొరంగాలు) ఉండేవి, టయోటా వెళ్ళిపోయాక కూడా మెక్‌లారెన్ 2023 దాకా అక్కడే అద్దెకి పనిచేసుకుంది. డబ్బుకీ కొదవ లేదు. లోపమల్లా రేసు రోజున తీసుకునే నిర్ణయాల్లో, ఆ నిర్ణయాలు తీసుకునే మనుషుల్ని నిలబెట్టుకోవడంలో. డిజైనర్ గుస్తావ్ బ్రన్నర్‌ని మినార్డీ టీమ్ నుంచి తెచ్చారు, తర్వాత మైక్ గాస్కోయిన్‌ని తెచ్చారు, 2005లో అంత బాగా చేసిన గాస్కోయిన్‌ని 2006 మొదట్లోనే పంపించేశారు.

దగ్గరగా చూడాలంటే 2009 బహ్రెయిన్ తీసుకోండి. ఆ ఏడు డబుల్ డిఫ్యూజర్‌తో (కారుని నేలకి ఇంకా గట్టిగా అదిమే వెనక భాగపు ఏర్పాటు) సీజన్ మొదలెట్టిన మూడు టీమ్‌లలో టయోటా ఒకటి. రేసులో ఎవరెక్కడ నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో టయోటా డ్రైవర్లు ట్రుల్లి మొదటి స్థానం, గ్లోక్ రెండో స్థానం, ముందు వరుస మొత్తం టయోటాదే. కాకపోతే అది రేసు మధ్యలో ఇంధనం నింపే కాలం, క్వాలిఫయింగ్‌లో ఎంత ఇంధనంతో నడిపితే అంతతోనే రేసు మొదలెట్టాలి. వీళ్ళ రెండు కార్లలోనూ వెనకున్న బటన్, వెటెల్ కార్ల కన్నా తక్కువ ఇంధనం ఉంది, అంటే ముందుగా పిట్‌కి రావాలి. రేసు మొదట్లో ఇద్దరూ ముందే ఉన్నారు. మొదటి పిట్ స్టాప్‌లో గట్టి టైర్లు వేసి పొడవైన రెండో విడత నడిపించారు. ఆ టైర్ల మీద వేగం రాలేదు. ట్రుల్లి మూడో స్థానం, గ్లోక్ ఏడో స్థానం. బటన్ గెలిచాడు. టీమ్ చరిత్రలో గెలుపుకి అంత దగ్గరగా వచ్చిన మరో ఆదివారం కష్టం మీద దొరుకుతుంది, దాన్ని పోగొట్టింది యంత్రం కాదు, టైరు ఎంపిక. ఆ ఏడాది నవంబర్ 4న టయోటా తప్పుకుంది. 2010 కోసం కట్టిన టీఎఫ్110 రేసు చూడకుండానే అటకెక్కింది.

ఇప్పుడు మనుషుల నుంచి మొదలెట్టడం ఆ పాఠం నుంచి వచ్చిందే అని నేను చదువుకుంటున్నాను. సరే, ఇక నాలుగో మెట్టు.

ఎఫ్1 పవర్ యూనిట్ పని ఒక్క సిలిండర్‌తో మొదలవుతుంది. 1.6 లీటర్ల వి6 అంటే సిలిండర్‌కి సుమారు 266 సీసీ. బోరు (సిలిండర్ వ్యాసం) 80 మిల్లీమీటర్లని నిబంధనే చెబుతుంది, దాంతో స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 53 దగ్గరికి వస్తుంది. ఈ ఒంటి సిలిండర్ రిగ్గు మీద దహనం సంగతి తేల్చుకోవాలి: ప్రీ-ఛాంబర్ (మంట ముందుగా పుట్టే చిన్న గది) ఆకారం, దాని రంధ్రాల సంఖ్య, కోణం, ఇంజెక్టర్ ఎప్పుడు ఎన్నిసార్లు చిమ్మాలి, నాక్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తనే పేలడం) ఏ దగ్గర మొదలవుతుంది. పిస్టన్ కిరీటం ఆకారంలో చిన్న మార్పు చేస్తే కొత్త పిస్టన్ తయారై రావడానికి వారాలు పడుతుంది, తప్పైతే మళ్ళీ వారాలు. కాలమంతా కరిగిపోయేది ఇక్కడే, డబ్బు గుమ్మరించినా ఈ దశ అంతగా కురచ కాదు. తర్వాత ఆరు సిలిండర్ల ఇంజిన్ డైనో (ఇంజిన్‌ని కారు లేకుండా నడిపి కొలిచే బెంచి) మీదకి ఎక్కుతుంది. ఆ తర్వాత టర్బో, ఎంజీయూ-కే (బ్రేకు నుంచి కరెంటు తీసి, మళ్ళీ చక్రాలకి బలమిచ్చే) మోటారు, బ్యాటరీ, కంట్రోల్ ఎలక్ట్రానిక్స్ కలిపి మొత్తం యూనిట్. ఆ పైన అసలు గేర్‌బాక్స్‌తో కలిపి రేసు దూరం నడపడం. చివరికి కారు.

ఈ వరుసలో ఏది తప్పిపోతే ఏమవుతుందో హోండా చూపించింది. 2008 చివర్లో వెళ్ళిపోయిన హోండా, 2013 మేలో మెక్‌లారెన్‌తో తిరిగొస్తున్నట్టు ప్రకటించి 2015 మార్చిలో రేసుకి దిగింది. ఇరవై రెండు నెలలు. మెర్సిడెస్, ఫెరారీ, రెనో అప్పటికే ఏడాది రేసులు నడిపేసి ఉన్నాయి. మెక్‌లారెన్ కారు వెనక భాగం వీలైనంత సన్నగా ఉండాలంది, దాన్ని అందరూ 'సైజ్ జీరో' అన్నారు. అందుకోసం హోండా టర్బోలో గాలి నెట్టే కంప్రెసర్‌ని వి ఆకారంలోని సిలిండర్ల మధ్య సందులో ఇరికించింది. ఆ సందు ఎంతుంటే కంప్రెసర్ అంతే ఉండాలి. చిన్న కంప్రెసర్‌తో కావలసినంత గాలి నెట్టాలంటే దాన్ని ఇంకా వేగంగా తిప్పాలి, ఆ తిప్పడానికే ఇంజిన్ పొగతో తిరిగే టర్బైన్ శక్తి ఖర్చైపోతుంది. టర్బో షాఫ్టు మీదుండే ఎంజీయూ-హెచ్ మోటారుకి కరెంటు తీయడానికి మిగిలేది తక్కువ. ఫలితంగా మలుపులు లేని పొడవైన దారుల్లో సగం పోయేసరికి బ్యాటరీ సాయం ఆగిపోయేది, పక్క కార్లు కళ్ళముందే దాటిపోయేవి. సుజుకాలో, అంటే హోండా సొంతగడ్డ మీద, మెక్‌లారెన్ డ్రైవర్ అలొన్సో రేడియోలో దాన్ని 'జీపీ2 ఇంజిన్' (ఎఫ్1 కింది స్థాయి పోటీ ఇంజిన్) అన్నది ఈ బాధతోనే. చెడిపోకుండా నడవడం సంగతి ఇంకా ఘోరం. ఆ ఏడు స్పాలో అదనపు భాగాలు వాడినందుకు ఇద్దరు డ్రైవర్లకీ కలిపి 105 స్థానాల గ్రిడ్ పెనాల్టీ (రేసు మొదలయ్యే వరుసలో వెనక్కి పంపే శిక్ష) పడింది. గ్రిడ్‌లో ఉన్నది ఇరవై కార్లు! సీజన్ చివరికి 27 పాయింట్లు, తొమ్మిదో స్థానం.

2017లో హోండా మెర్సిడెస్ పద్ధతికి మారింది: కంప్రెసర్ ఇంజిన్‌కి ముందు, టర్బైన్ వెనక, మధ్యలో పొడవాటి షాఫ్టు. కొత్త అమరిక, కొత్త తిప్పలు. బార్సిలోనా టెస్టుల్లో మొదట ఇబ్బంది పెట్టింది ఆయిల్ ట్యాంకు. దాని ఆకారం కారుని బట్టి ఉంటుంది, మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఒరుగుతుంది. డైనో మలుపు తిరగదు కదా, అక్కడ ఆ లోపం బయటపడదు. తర్వాత కంపనాలు. టెస్టు బెంచి మీద ఇంజిన్‌కి తగిలించే షాఫ్టుకీ, కారులో ఉండే గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్టులు, టైర్లకీ బిగువు ఒకటి కాదు. బెంచి మీద నున్నగా తిరిగిన ఇంజిన్ కారులో పెట్టాక ఒక రెవ్ పరిధిలో వణికింది. పొడవైన టర్బో షాఫ్టు మీద ఎంజీయూ-హెచ్ బేరింగులు పదే పదే పోయేవి. దానికి మందు చివరికి హోండా జెట్ ఇంజిన్ విభాగంలో దొరికింది, వేగంగా తిరిగే సన్నటి షాఫ్టులతో వాళ్ళకి రోజూ పనే. 2019 ఆస్ట్రియాలో రెడ్ బుల్ టీమ్‌తో మొదటి గెలుపు, 2021లో ఆ టీమ్ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌కి టైటిల్. ప్రకటన నుంచి మొదటి గెలుపుకి ఆరేళ్ళు, టైటిల్‌కి ఎనిమిదిన్నర.

మిగతావాళ్ళు ఆ కథ చూసి నేర్చుకున్నారు. ఆడి 2022 ఆగస్టులో ప్రకటించింది, 2026 మార్చిలో దిగింది: మూడున్నరేళ్ళు. జనరల్ మోటార్స్ పవర్ యూనిట్ తయారీకి 2025లో ఎఫ్‌ఐఏ ఆమోదం వచ్చింది, రేసు 2029లో: నాలుగేళ్ళు. అందాకా కాడిలాక్ టీమ్ ఫెరారీ ఇంజిన్ కొనుక్కుని నడుస్తోంది. టయోటా ఈ రోజు సరే అన్నా నాలుగేళ్ళ తర్వాతి మాటే.

2026 నిబంధనల్లో ఎంజీయూ-హెచ్ తీసేశారు కదా, పని సులువైందిగా అంటారు. సగం నిజం. హోండాని ఏడిపించిన భాగం పోయింది. దాని బరువంతా వేరే చోట పడింది. లెక్క చూడండి.

ఇంజిన్‌కి ఇచ్చే ఇంధన శక్తి గంటకి 3000 మెగాజౌళ్ళకి మించకూడదు. దాన్ని 3600తో భాగిస్తే 833 కిలోవాట్లు. ఇంజిన్ నుంచి ఆశించేది సుమారు 400 కిలోవాట్లు. అంటే ఇంధనంలోని శక్తిలో 48 శాతం చక్రాల వైపు రావాలి. మామూలు పెట్రోల్ కార్లలో అత్యుత్తమమైనవి నలభై శాతం చుట్టూ తిరుగుతాయి. అదీ 16:1 కంప్రెషన్ హద్దులో, శిలాజ కార్బన్ లేని కొత్త ఇంధనంతో. ఆ 16:1ని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కొలవాలా, వేడి మీద కొలవాలా అని 2026 సీజన్‌కి ముందే తయారీదారుల మధ్య రచ్చ జరిగింది. నిబంధన చదవడంలో ఉన్న ఇలాంటి సందులు పాతకాపులకి ముందు కనిపిస్తాయి, కొత్తగా వచ్చినవాడికి రెండో ఏడాదికి కనిపిస్తాయి.

ఎలక్ట్రిక్ వైపు ఇంకా గట్టి లెక్క. ఎంజీయూ-కే బలం 120 నుంచి 350 కిలోవాట్లకి పెరిగింది. బ్యాటరీలో ఒక్కసారికి వాడుకోదగ్గది 4 మెగాజౌళ్ళు. 4000ని 350తో భాగిస్తే పదకొండున్నర సెకన్లు. పూర్తి బలంతో వాడితే అంతే, ఆ తర్వాత కారు ఇంజిన్ ఒక్కదాని మీద నడవాలి. ల్యాపుకి సుమారు 8.5 మెగాజౌళ్ళ దాకా తిరిగి నింపుకోవచ్చు, దానికి 350 కిలోవాట్ల దగ్గర 24 సెకన్లు కావాలి. గట్టి బ్రేకింగ్ తక్కువగా ఉన్న ట్రాకుల్లో బ్రేకుల మీద అంత సమయం దొరకదు. మిగతాది ఎక్కడో తేవాలి: మలుపుకి ముందే పెడల్ వదిలి దొర్లడం, లేకపోతే పెడల్ పూర్తిగా నొక్కి ఉండగానే ఇంజిన్ బలంలో కొంత మోటారుతో బ్యాటరీలోకి మళ్ళించడం. ప్రతి ట్రాక్‌కీ, ప్రతి మలుపుకీ, వర్షానికీ ఈ పంపకం వేరు. దీన్ని రాసేది సాఫ్ట్‌వేర్ మనుషులు. పోటీలో తేడా వచ్చేది పిస్టన్ల దగ్గర ఎంతో, ఇక్కడా అంతే.

వేడి సంగతీ ఉంది. 350 కిలోవాట్లు బ్యాటరీలోకి పోయేటప్పుడు ఐదు శాతం నష్టం అనుకుందాం, 17.5 కిలోవాట్ల వేడి ఆ చిన్న పెట్టెలో పుడుతుంది. రేడియేటర్ పెద్దది చేస్తే సైడ్‌పాడ్ ఉబ్బి గాలి అడ్డం పడుతుంది, చిన్నది చేస్తే సెల్స్ వేడెక్కి కంట్రోల్ బాక్స్ బలం తగ్గించేస్తుంది. ఇంజిన్ మనుషులూ షాసీ మనుషులూ ఒకే గదిలో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం ఇది. మెక్‌లారెన్, హోండా విఫలమైంది కూడా సరిగ్గా ఈ గీత మీదే. టర్బోకి ఎంజీయూ-హెచ్ సాయం లేదు కాబట్టి స్టార్ట్ లైన్ దగ్గర ఇంజిన్ రెవ్వులు పెంచి టర్బోని తిప్పుకోవాల్సి వస్తోంది. పెద్ద టర్బో పెడితే ఈ ఆలస్యం ఎక్కువ, చిన్నది పెడితే పై రెవ్వుల్లో గాలి చాలదు. ఒక్క పరిమాణం ఎంచుకోవడానికి నెలల సిమ్యులేషన్ పడుతుంది.

టయోటా దగ్గర ఇందులో ఏముంది? లె మాన్ అనే 24 గంటల రేసు అనుభవం ఉంది. 2018 నుంచి 2022 దాకా వరసగా ఐదుసార్లు గెలిచిన కంపెనీ. జీఆర్010 కారులో 3.5 లీటర్ల ట్విన్ టర్బో వి6, ముందు చక్రాలకి 200 కిలోవాట్ల మోటారు. అధిక వోల్టేజీ బ్యాటరీలు, ఇన్వర్టర్లు, బ్రేకు నుంచి శక్తి తీసే సాఫ్ట్‌వేర్ అన్నీ చేతికి అలవాటైనవే. 24 గంటలు చెడకుండా నడవడం ఎలాగో తెలిసినవాడికి రెండు గంటల రేసు భయపెట్టదు. తేడా ఎక్కడంటే, లె మాన్‌లో మొత్తం బలానికి పైన హద్దు ఉంటుంది, ఎవరైనా మరీ ముందుంటే 'బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్' సర్దేస్తుంది. అక్కడ ఇంధనంలోంచి చివరి శాతం పిండటానికి ప్రాణం పెట్టాల్సిన పని లేదు. ఎఫ్1లో ఆ చివరి శాతమే బతుకు. 400 కిలోవాట్లలో ఒక శాతం అంటే 4 కిలోవాట్లు, ఐదు హార్స్‌పవర్ పైచిలుకు. క్వాలిఫయింగ్‌లో రెండు వరుసలు వెనక్కి పోవడానికి అలాంటివి రెండు మూడు చాలు. కాబట్టి నా అంచనాలో ఎలక్ట్రిక్ సగం టయోటా దగ్గర సిద్ధంగా ఉన్నట్టే, దహనం సగం మొదటి నుంచి మొదలెట్టాలి.

డబ్బుకీ ఇప్పుడు కంచె ఉంది. 2026లో టీమ్ ఖర్చు పరిమితి మూల మొత్తం 21.5 కోట్ల డాలర్లు, పవర్ యూనిట్ తయారీదారుకి విడిగా 13 కోట్ల డాలర్లు. తయారీదారుగా పేరు నమోదు చేసుకున్నాక రేసుకి దిగక ముందు నుంచే ఆ పరిమితి వర్తిస్తుంది, డైనో గంటలకీ లెక్క ఉంటుంది. 2002 నాటి టయోటా లాగా గుమ్మరించి అందుకుందామంటే కుదరదు. బోర్డు రూములో మాత్రం ఈ కంచె టయోటాకి మేలే చేస్తుంది. ఏడాదికి ఇంత కన్నా పోదు అని ముందే చెప్పగలిగితే, తర్వాతి మాంద్యంలో 'మూసేయండి' అనే గొంతు కాస్త తగ్గుతుంది. 2008 డిసెంబర్‌లో హోండా, 2009 జులైలో బీఎండబ్ల్యూ, నవంబర్‌లో టయోటా ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోవడానికి కారణం పైకప్పు లేని ఖర్చు.

వెనకబడినవాడికి ఊతం కూడా పెట్టారు. అందరిలో మెరుగైన ఇంజిన్ కన్నా నిర్ణీత శాతం కన్నా ఎక్కువ వెనకపడితే అదనంగా మార్పులు చేసుకోనిస్తారు. 2015లో హోండాకి ఇలాంటిది ఉండుంటే కథ ఇంకోలా నడిచేదేమో. ఊతం ఎంతున్నా ట్రాక్ మీద కార్ల సంఖ్య ఇంకో సమస్య. మెర్సిడెస్ యూనిట్లు 2026లో నాలుగు టీమ్‌లలో, ఎనిమిది కార్లలో తిరుగుతున్నాయి. ఒకే టీమ్‌కి ఇచ్చే తయారీదారుకి రెండు కార్లు. శుక్రవారం రెండు గంటల ప్రాక్టీసులో ఒక కారు ఆగిపోతే వీళ్ళ డేటా సగం పోయినట్టు, వాళ్ళది ఎనిమిదో వంతు. టయోటా ఇంజిన్ చేస్తే హాస్ ఒక్కటే చాలదు, ఇంకో కస్టమర్ కావాలి. అదెవరన్నదే నాకు గట్టి ప్రశ్న.

అన్నీ కలిపి చూస్తే ప్రస్తుత నిబంధనల్లోకి ఇంజిన్‌తో దూరడం తెలివైన పని అనిపించదు. హాస్, ఫెరారీ ఒప్పందం 2028తో ముగిసినా, ఆ తర్వాతి ఏడు దిగాలంటే పని ఈపాటికే ఊపందుకుని ఉండాలి. పైగా కొద్దికాలానికే కొత్త ఇంజిన్ నిబంధనలు వస్తాయి. దశాబ్దం మలుపులో తక్కువ ఎలక్ట్రిక్ భాగంతో, సుస్థిర ఇంధనంతో వి8 తేవాలన్న చర్చ ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మొహమ్మద్ బెన్ సులాయెమ్ నోటి నుంచే వచ్చింది. అది ఖాయమైతే అందరూ తెల్ల కాగితంతో మొదలెడతారు. 2015 హోండాలాగా సాగుతున్న ఆటలోకి మధ్యలో దూకడం కన్నా 2026 ఆడిలాగా కొత్త ఆటలో మొదటి రోజున కూర్చోవడం ఎంతో నయం. వి12 గీసుకుని వి10కి మారాల్సి వచ్చిన కంపెనీకి, నిబంధన అచ్చులో చూసేదాకా పెన్సిల్ తీయకూడదని వేరే చెప్పాలా!

కాబట్టి ఇక మీదట కారు మీద అక్షరాల సైజు చూడటం మానేసి వేరేవి చూడండి. కొత్త నిబంధనలకి పవర్ యూనిట్ తయారీదారుల నమోదు గడువు దగ్గర పడ్డప్పుడు జాబితాలో ఎవరి పేరుందో చూడండి. ఆ సాంకేతిక సమావేశాల్లో టయోటా కుర్చీ వేసుకుందా, ఊరికే అభిప్రాయం చెప్పి పోతోందా చూడండి. హాస్‌లో వాటా చేతులు మారిందేమో గమనించండి. బాన్‌బరీ సిమ్యులేటర్ గదిలో పనిచేసిన టయోటా మనుషులు మూడేళ్ళ తర్వాత కూడా రేసింగ్‌లోనే ఉన్నారా, జపాన్‌లో మామూలు కార్ల విభాగాలకి బదిలీ అయ్యారా అన్నది ఇంకో గుర్తు. వీటన్నిటికన్నా ముందుగా బయటపడేది ఉద్యోగ ప్రకటన. ప్రీ-ఛాంబర్ దహనం తెలిసినవాళ్ళు, ఒంటి సిలిండర్ రిగ్గు నడిపినవాళ్ళు కావాలంటూ కొలోన్ నుంచో జపాన్ నుంచో ప్రకటన కనిపించిందంటే, ఆ తేదీ రాసిపెట్టుకుని దానికి నాలుగేళ్ళు కలపండి.